మిక్కీ అమ్మేసిన ఆవు

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

ఆదివారం నువ్వు ఫోన్లో అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. చెప్పేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని ఆవకాయ జాడీ సంగతి ఎత్తుకుంది. వాట్సాప్‌లో రాస్తే మీటింగు మధ్యలో సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. ఉత్తరమైతే కాస్త కూర్చుని చదువుతావని ఈ తంటా.

"కథలు చెప్తావని నీ దగ్గరికి పంపితే, వాణ్ణి కార్టూన్లకి అప్పగించావేంటి నాన్నా?" అన్నావు. పండుగాణ్ణి తాతయ్య ఏం కథ చెప్పాడని అడిగితే మిక్కీ మౌస్ అన్నాడట. అప్పగించిన మాట నిజమే. ఎలా జరిగిందో విని తిట్టు.

రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. పది దాటితే మీ అమ్మ వాణ్ణి గుమ్మం దాటనివ్వదు. పొద్దున టిఫిన్ తర్వాత ఒక కథ, మధ్యాహ్నం రెండు, రాత్రి మేడ మీద నిద్రొచ్చేదాకా ఎన్నైతే అన్ని. వారం తిరిగేసరికి నా సరుకు అయిపోయింది. పేదరాశి పెద్దమ్మ ఇల్లు, ఏడు చేపలు, కోతీ మొసలీ, తెనాలి రామలింగడి పిల్లి, అన్నీ. చెప్పిందే మళ్ళీ చెప్తే "ఇది అయిపోయింది తాతయ్యా" అంటాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వాడే టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. పాత జానపద కథల్ని మిక్కీ, డోనాల్డ్ బాతు, గూఫీ అనే కుక్క, ఇలాంటి బొమ్మల చేత ఆడించే ప్రోగ్రాం అది. కట్టేద్దామనే వెళ్ళాను. వెళ్ళి, పక్కన కూర్చున్నాను.

అంతా ఇంగ్లీషు. ఆ బాతు మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాణ్ణి అడిగితే "అది ఎవరికీ అర్థం కాదు తాతయ్యా, కోపంగా ఉందని తెలిస్తే చాలు" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు గూడ్సు బండి గార్డుగా వైర్‌లెస్ సెట్లో అలాంటి మాటలే విన్నాను కాబట్టి వెంటనే అలవాటైపోయింది.

కథ నీ చిన్నప్పటి ఇంగ్లీషు పాఠంలో ఉన్న జాక్, చిక్కుడు పాదు కథే. ఆవును అమ్మి చిక్కుడు గింజలు తెచ్చుకోవడం, రాత్రికి రాత్రి పాదు ఆకాశానికి ఎక్కడం, పైన రాక్షసుడి కోట. జాక్ ఉండాల్సిన చోట ఈ ముగ్గురూ. నువ్వు తిట్టాక ఫోన్లో కొంచెం తవ్వాను. 1947లో అమెరికాలో వచ్చిన ఒక బొమ్మల సినిమాలో సగం అట అది, తర్వాత విడదీసి టీవీలో వేశారు. అప్పటిదాకా మిక్కీకి గొంతు ఇస్తూ వచ్చిన వాల్ట్ డిస్నీ ఆ సినిమా టైములోనే ఆ పని జిమ్మీ మెక్‌డొనాల్డ్ అనే ఆయనకి అప్పగించాడట. సినిమాలో కథ చెప్పేదేమో ఎడ్గర్ బెర్గెన్ అనే ఆయన. పెదాలు కదపకుండా చెక్కబొమ్మల చేత మాట్లాడిస్తాడు. టీవీకి వచ్చేసరికి ఆయన్ని తీసేసి కళ్ళజోడు పెట్టుకున్న ఒక బాతు పంతుల్ని పెట్టారు. 1947 అంటే మన చందమామ పుట్టిన ఏడాదే. అక్కడ వాళ్ళు ఎలుకతో పాత కథ ఆడిస్తుంటే ఇక్కడ నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మన పాత కథలకి బొమ్మలు వేయించే పనిలో ఉన్నారన్నమాట. ఆ పుస్తకం కోసం నేను ప్లాట్‌ఫారం మీద ఎంత ఎదురు చూసేవాణ్ణో నీకు వందసార్లు చెప్పాను. నూట ఒకటోసారి వద్దులే.

అందులో ఒక చోట ముగ్గురూ ఆకలితో బల్ల ముందు కూర్చుంటారు. ఉన్నది ఒక్క రొట్టె. మిక్కీ దాన్ని ఎంత పల్చగా కోస్తాడంటే ముక్క పైకెత్తితే అవతలివాడి మొహం కనిపిస్తుంది. తర్వాత చిక్కుడు గింజని కూడా అలాగే కోసి పంచుతాడు. పండుగాడు పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ ఉడికించిన కోడిగుడ్డుని దారంతో కోసేది. కత్తితో కోస్తే పచ్చసొన కత్తికి అంటుకుపోతుందని దారం. ఆ దారం ఒక కొస పంటితో పట్టుకుని, రెండో కొస లాగి, ఆరు ముక్కలు చేసేది. చిన్నవాణ్ణి కాబట్టి ముందు ఏరుకునే హక్కు నాది. ఏది పెద్దదో తేలక ఏడుపొచ్చేది. అరవై ఏళ్ళ తర్వాత ఒక ఎలుక బొమ్మ ఆ దారాన్ని గుర్తు చేస్తుందని ఎవరనుకుంటారు చెప్పు? వాడికి ఆ గుడ్డు సంగతి చెప్పాను. అది కథ అని వాడు అనుకోలేదు గానీ, నా లెక్కలో అదీ ఒకటి.

ఇక నీ అసలు ఫిర్యాదు. పాత కథలో కార్టూన్లని దూర్చి పాడు చేస్తారని కదా నువ్వన్నది? మా ఊళ్ళో శివరాత్రికి తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు. తెనాలి పక్కన పల్లెటూరు, కరెంటు ఇంకా సరిగా రాని రోజులు. తెల్లటి పంచెలు కుట్టి తెర కట్టి, వెనక దీపాలు పెట్టేవాళ్ళు. మేకతోలు బొమ్మల్లోంచి ఎరుపూ ఆకుపచ్చా రంగులు వెలుతురుతో పాటు ఇవతలికి వచ్చేవి. ఆడేది రామాయణం. అశోకవనంలో సీతమ్మ ఏడుస్తుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంటారు, సరిగ్గా అప్పుడే తెర మీదికి జుట్టుపోలిగాడు ఊడిపడతాడు. వెనకే బంగారక్క. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. వాళ్ళు చాలరన్నట్టు కేతిగాడు, అల్లాటప్పగాడు. వాల్మీకి ఎక్కడా రాయని మనుషులు వీళ్ళు. ఊళ్ళో ఎవడు ఎవడికి బాకీ ఎగ్గొట్టాడో, ఏ ఇంట్లో అత్తాకోడళ్ళకి పడట్లేదో, అదంతా వాళ్ళ నోట వచ్చేది. సీతమ్మకి ఏడ్చిన నాయనమ్మే బంగారక్క తిట్లకి పొట్ట పట్టుకుని నవ్వేది. రామాయణం పాడైందని ఆ రాత్రి ఎవరూ లేచి వెళ్ళలేదు. మేం పిల్లలమైతే, నిజం చెప్తున్నాను, వాళ్ళ కోసమే నిద్ర ఆపుకునేవాళ్ళం. వాళ్ళ కోసం కూర్చుంటే లంకాదహనం దాకా మెలకువ ఉండేది.

ఆ డోనాల్డ్ బాతు మన జుట్టుపోలిగాడే అని నాకు చూడగానే అనిపించింది. ఉత్తినే కోపం, ఉత్తినే దెబ్బలు తినడం.

జాక్ కథలో నాకు చిన్నప్పటినుంచీ ఒక ముల్లు ఉంది. నీకు పాఠం చెప్పేటప్పుడు కూడా దాటేశాను. పైకెక్కి రాక్షసుడి డబ్బు సంచీ, బంగారు గుడ్లు పెట్టే కోడి, వీణ లాంటి వాద్యం ఎత్తుకొచ్చేస్తాడు. దొంగతనం కదా అది? ఈ అనుమానం ఇంగ్లీషువాళ్ళకీ వచ్చిందట. 1807లో టాబర్ట్ అనే ఆయన వేసిన పుస్తకంలో, ఆ రాక్షసుడే ఒకప్పుడు జాక్ తండ్రిని చంపి సొత్తు దోచుకున్నాడని ఒక దేవకన్య చేత చెప్పించాడు. 1890లో జేకబ్స్ అనే ఆయన, తాను చిన్నప్పుడు విన్న కథలో ఈ అతుకు లేదని దాన్ని తీసేశాడు. ఈ మిక్కీ కథలో మళ్ళీ వేశారు. ఆ వాద్యం ముందు లోయలో జనానిదే, దాని పాట ఉన్నంతకాలం పంటలు పండేవి, రాక్షసుడు దాన్ని ఎత్తుకుపోయాకే కరువు వచ్చింది. అంటే మిక్కీ వెళ్ళింది దొంగతనానికి కాదు, పోయిన సొత్తు తెచ్చుకోవడానికి. మా రైల్వేలో అయితే దీన్ని రికవరీ అంటారు. నాకు ఈ అతుకు నచ్చింది. కార్టూన్లు కథని పాడుచేస్తాయన్న నీకు ఇది చెప్పాలనే ఇంత రాశాను.

అతుకులు నేను మాత్రం వెయ్యలేదా? కొంగా పీతా కథలో కొంగ చేపల్ని తినేసిందని నువ్వు అన్నం మానేశావు. నాలుగేళ్ళు నీకు. మర్నాటి నుంచి నా కథలో కొంగకి పంటినొప్పి వచ్చింది. కొంగకి పళ్ళు ఉండవని నువ్వు ఆరో క్లాసులో కనిపెట్టి వచ్చి నన్ను నిలదీశావు, గుర్తుందా?

మర్నాడు ఇంకో బొమ్మ చూశాం, బగ్స్ బన్నీ కుందేలూ తాబేలూ పందెం. అందులో తాబేలు తనలాగే ఉండే చుట్టాల్ని దారి పొడుగునా నిలబెట్టి గెలుస్తుంది. తాబేలు చీటింగు అని పండుగాడు మండిపడ్డాడు. నాకూ నచ్చలేదు. నిదానంగా నడిచి గెలిచే తాబేలు నాలాంటి గూడ్సు బండివాళ్ళ దేవుడు. ఆయన్ని ముట్టుకోకూడదు.

నీ కోపంలో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకుంటాను. నేను రాక్షసుడు అంటే వాడు ఇదివరకు "ఎంత పొడుగు తాతయ్యా, మన సెల్ టవరంతా?" అని అడిగేవాడు. చూశాక అడగడం మానేశాడు. రాక్షసుడంటే ఆ టీవీలో మొహమే. కాగితం మీద ఏ రాక్షసుణ్ణి గీసినా అదే ముక్కు. చెవితో విన్న రాక్షసుడు ఒక్కో పిల్లాడికి ఒక్కోలా ఉంటాడు. ఇది నష్టమే, నేను కాదనను.

కానీ ఆ మిక్కీ కథ చూసిన రాత్రి మేడ మీద ఏం జరిగిందో విను. చాప మీద పడుకుని చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయాడనుకున్నాను. హఠాత్తుగా "తాతయ్యా, మిక్కీ అమ్మేసిన ఆవు ఏమైంది?" అన్నాడు.

ఆలోచిస్తే నిజమే అమ్మలూ. అమ్మేశాక ఆ ఆవు ఊసే ఉండదు. జాక్ కథలోనూ అంతే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఏం చెప్పాలో తెలీక, అది నడుచుకుంటూ నడుచుకుంటూ మన వైపు అడవిలోకి వచ్చి పులికి ఎదురుపడింది అన్నాను. అలా ఆవూ పులీ కథ అందుకున్నాను. అనంతామాత్యుడు భోజరాజీయంలో రాసిన కథ, మా నాయనమ్మ పాటగా పాడేది. ఇంటి దగ్గర పాలు తాగే దూడ ఉంది, దానికి కడుపునిండా పాలిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి తిరిగొస్తాను, అప్పుడు తిను అంటుంది కదా ఆవు.

"పులి ఎవరు?" అన్నాడు. పులి పులే అన్నాను. కాదట, ఎవరో ఒకరు వెయ్యాలట. డోనాల్డ్‌ని చేద్దామన్నాను. "వద్దు, వాడు ఇందాకే గొడ్డలి తీసుకుని ఆవు మీదికి వెళ్ళాడు, వాడు వెళ్ళిరమ్మని అనడు." మిక్కీ అయితే? "మిక్కీ అమ్మేశాడుగా, ఆవుకి కోపం ఉంటుంది." చివరికి గూఫీకి ఇచ్చాడు ఆ వేషం. ఆవు తిరిగొచ్చేసరికి గూఫీకి ఎందుకు ఆగమన్నాడో గుర్తుండదట, "వచ్చావా, కూర్చో" అంటాడట. అక్కడ నేను ఊరుకోలేదు. పులికి గుర్తుండాలిరా, గుర్తుండీ తినకూడదు, అప్పుడే అది కథ అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే గూఫీకి గుర్తుంటుంది, కానీ ఎవరికీ చెప్పడు" అన్నాడు.

మీ నాయనమ్మ ఉంటే ఈ మాటకి వాడి చేతిలో రూపాయి బిళ్ళ పెట్టేది.

ఆ తర్వాతే వాణ్ణి కొండపల్లి తీసుకెళ్ళాను. నువ్వు ఎండలో తిప్పావని దానికీ తిట్టావు. పొద్దున్నే వెళ్ళి తొమ్మిదికల్లా వచ్చేశాం. పొణికి చెక్క ముక్కని వాడి అరచేతిలో పెట్టారు, బరువే లేదని ఆశ్చర్యపోయాడు. ఏనుగు అంబారీ కొంటాడనుకుంటే తాటిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడి బొమ్మ పట్టుకున్నాడు. వాడి లెక్కలో అది జాక్ అట. తాటిచెట్టు చిక్కుడు పాదు. మిగతా రోజులు నాకు టీవీ అవసరం పెద్దగా పడలేదు. బల్ల కింద దుప్పటి కట్టి, ఆ బొమ్మతోనూ అక్కడే కొన్న ఆవూ దూడా బొమ్మలతోనూ వాడే ఆడించాడు. బంగారక్క వేషం మీ అమ్మకి ఇచ్చాడు. నేను ఇవ్వలేదు, వాడే ఇచ్చాడు, ఆవిడకి ఈ లైను చదివి వినిపించకు.

ఆవకాయ జాడీ, కారప్పొడి, రెండు కిలోల బియ్యప్పిండి వడియాలు కొరియర్‌లో వేస్తున్నాను. జాడీని పాత చీరలో చుట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. అల్లుడుగారికి కారం తక్కువ వేసిన సీసా వేరే ఉంది, మూత మీద దారం కట్టింది.

ఆ పార్సిల్లోనే కొండపల్లి ఆవు బొమ్మ కూడా ఉంటుంది. దూడని జేబులో వేసుకుపోయి ఆవుని ఇక్కడ నా బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. దూడ దగ్గరికి వెళ్ళిరమ్మని పంపించానని చెప్పు. దసరాకి వచ్చేటప్పుడు వెనక్కి తీసుకురావాలి. పులి ఇక్కడే కూర్చుని ఉంటుంది.

మీ నాన్న