ఏజీఎం బ్యాటరీకి పాత చార్జర్ పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

క్యాంపర్ వాహనాల్లో (లోపలే పడుకునే ఏర్పాటున్న బండ్లు) డీప్ సైకిల్ ఏజీఎం బ్యాటరీలు (ఆమ్లాన్ని గాజునార పొరల్లో పీల్చి ఉంచి, లోతుగా వాడి మళ్లీ నింపుకునేలా చేసిన సీలు బ్యాటరీలు) పెట్టించుకునేవారిలో కొందరు, సీలు వేసిన బ్యాటరీయే కదా, నీళ్లు పోసే పని లేదు కదా అన్న ధీమాతో ఇంట్లో ఉన్న పాత చార్జర్‌నే తగిలించేస్తున్నారు. నేనూ అదే పొరపాటు చేశాను. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచి పొద్దున చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, మీటర్ 15.6 వోల్టులు చూపింది. నీళ్లు పోసే బ్యాటరీల కోసం ఉద్దేశించిన ఈక్వలైజేషన్ దశలోకి (సెల్‌లన్నీ సమంగా నిండేందుకు కావాలనే ఎక్కువ వోల్టేజీ ఇచ్చే దశ) చార్జర్ వెళ్లిపోయిందన్నమాట.

12 వోల్టుల ఏజీఎంకు 25 డిగ్రీల దగ్గర సాధారణంగా 14.4 నుంచి 14.7 వోల్టుల దాకా ఇచ్చి, నిండాక 13.5–13.8 వోల్టుల ఫ్లోట్‌కు (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే తక్కువ వోల్టేజీకి) దించాలి. అయితే తయారీదారు ఇచ్చిన అంకెలదే తుది మాట. హద్దు మీరితే లోపల పుట్టే వాయువులు తిరిగి నీరుగా మారేలోపే ఒత్తిడి పెరిగి, వాల్వు తెరుచుకుని హైడ్రోజన్ బయటికొస్తుంది. పోయిన నీటిని మళ్లీ నింపే దారి లేదు. పడక కింద, గాలాడని పెట్టెలో బ్యాటరీ బిగించుకున్నవారికి ఇది మరింత ప్రమాదం. వేడి పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గాలి కనుక ఉష్ణోగ్రత సెన్సర్‌ను బ్యాటరీకే అంటించాలి. చార్జర్ పక్కన వేలాడదీస్తే (చాలాచోట్ల జరిగేది అదే) ప్రయోజనం లేదు.

ఏ రకం బ్యాటరీకి ఎన్ని వోల్టులో చార్జర్ల తయారీదారులు పెట్టెమీదే పెద్ద అక్షరాల్లో ముద్రించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు