వినోనా నుంచి పెదనాన్నకు: వాపాషా ఇంటి వరసలు

పెదనాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమం. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి.

మన వంశవృక్షం గీసేటప్పుడు తాత పేరూ మనవడి పేరూ ఒకటే కావడంతో మీరు పడ్డ తిప్పలు తెలుసు కదా. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఈ వినోనా ఊరున్న మైదానం ఒకప్పుడు ఇక్కడి ఆదివాసీ తెగ డకోటాల నాయకుడు వాపాషాది. ఆ ఇంటి వంశం రాయాలన్నా అదే చిక్కు, ఇంకో నాలుగింతలు.

వాపాషా అనేది పెద్దరికంతో పాటు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పేరు. మొదటాయన సుమారు 1718లో పుట్టి 1806లో పోయాడు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల వైపు నిలిచాడు. కొడుకు 1836లో మశూచితో, మనవడు 1876లో నెబ్రాస్కాలోని శాంటీలో పోయారు. ఒకటి, రెండు, మూడు అనే అంకెలు తర్వాతి చరిత్రకారులు తగిలించినవి, పాత కాగితాల్లో ఉండవు. అందుకే పేరు కన్నా ముందు తేదీ చూడాలి. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1825 ప్రేరీ డు షీన్ ఒప్పందంలో వేలిముద్ర లాంటి ఆ ఇంటు (X) గుర్తు కొడుకుది. 1851 మెండోటా, 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందాల్లోది మనవడిది. పేరు అనువాదం ఇంకో తలనొప్పి: 1825లో 'ఆకు' అని రాశారు, 1868లో 'ఎర్ర ధ్వజం' అని. 'షా' అంటే ఎరుపు. ముందు భాగం ఒకరికి ఆకులా వినబడింది, ఒకరికి ధ్వజంలా. వీళ్లు వేర్వేరు ఇళ్లవాళ్లనుకుంటే చెట్టు అక్కడే విరుగుతుంది.

డకోటాల్లో పుట్టిన వరుసను బట్టి కూడా పేరుంటుంది. మగపిల్లలు చస్కే, హెపాన్, హెపి, చతాన్, హకే. ఆడపిల్లల్లో పెద్దది వినోనా. మన 'పెద్దోడు', 'చిన్నమ్మడు' లాంటివే. కాగితంలో చస్కే అని ఉంటే ఎవరింటి పెద్దకొడుకైనా కావచ్చు. 1862లో డకోటాలకూ అమెరికా ప్రభుత్వానికీ యుద్ధం జరిగాక, ఆ డిసెంబరు 26న మిన్నెసోటాలోని మంకేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. అధ్యక్షుడు లింకన్ ఒప్పుకున్న ఉరిశిక్షల జాబితాలో లేని ఒక చస్కే కూడా అందులో పోయాడు. పేరు పొరపాటన్నారు. మూడో వాపాషా ఆ యుద్ధం వద్దన్నవాడే, కానీ ఆ 38 మందిలో ఆయన అల్లుడూ ఉన్నాడు.

మనకు కలిసొచ్చేది వరసల దగ్గర. డకోటాలకు తండ్రి అన్నదమ్ములూ 'అతే'నే, అంటే నాన్నే. తల్లి అక్కచెల్లెళ్లు 'ఇనా', అమ్మే. వాళ్ల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామ పిల్లలకు మాత్రం వేరే పిలుపులు. మోర్గన్ అనే అమెరికన్ పండితుడు 1871లోనే తమిళ, తెలుగు చుట్టరికాలను ఈ ఖండపు తెగల వాటితో పోల్చి అచ్చువేశాడు. ఇంగ్లిష్ గుమాస్తా 'అతే' విని తండ్రి అని రాసుకుంటే అది చిన్నాన్న కావచ్చని మనకు చెప్పక్కర్లేదు.

మొదటి వాపాషాకు శత్రు తెగ ఓజిబ్వేల్లోనే తోబుట్టువు ఉన్నాడని ఆ తెగవాళ్లు చెబుతారు. వాళ్ల తల్లి ఓజిబ్వే మనిషి. రెండు తెగలకు పోరు రేగాక డకోటా భర్తను వదిలి పుట్టింటికి పోయి మారుమనువాడింది. ఆ మనువులో పుట్టిన కొడుకు మామాంగెసెడా. ఒకసారి కాల్పుల మధ్య అతను, మా అన్న వాపాషా అక్కడున్నాడా అని కేకేశాడట. పోరు ఆగింది. వాపాషా తల వంచి గుడిసెలోకి వస్తుంటే వాకిట్లో కాపు కాసిన పిల్లాడు గదతో ఒక్కటిచ్చాడు. మామాంగెసెడా కొడుకైన ఆ పిల్లాడే తర్వాత ఓజిబ్వే నాయకుడిగా పేరుమోసిన వాబోజీగ్. దెబ్బ తిన్నాయన మనలెక్కలో వాడికి పెదనాన్న. కోప్పడకుండా మెచ్చుకున్నాడట.

వాపాషా వర్గానికి 'కియుక్సా' అని పేరు. కట్టుబాటు తెంచినవాళ్లు అని అర్థం. దగ్గరి బంధువుల్లో పెళ్లిళ్లు చేసుకున్నారని పక్కవాళ్లు పెట్టారంటారు. మేనరికాలు చేసుకునే మనల్ని చూస్తే ఏమనేవాళ్లో!

ఆ ఇంటివాళ్లను కాగితాల్లో వెతకడం విషయానికొస్తే, 1885 నుంచి 1940 దాకా ప్రభుత్వం తీసిన తెగల జనాభా పట్టీలు అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వారి ఎం595 అనే మైక్రోఫిల్ములో ఉన్నాయి. శాంటీ పట్టీతో మొదలుపెట్టాలి. ఒక్క ఏడాది చూసి నమ్మకూడదు, స్పెల్లింగూ వయసూ మారుతుంటాయి. నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టి, పేరు వదిలేసి తల్లినీ, పిల్లల వరుసనూ కలుపుకుంటూ పోవాలి. మిన్నెసోటాలోనే ఉండిపోయినవాళ్లకు 1886 మే 20 నాటికి అక్కడున్నవాళ్ల పట్టీ ఆధారం.

మీ చెట్టులో ఇద్దరు తాతల దగ్గర కూడా తేదీలు వేసి పంపండి.

ఇట్లు,
మీ చిన్నోడు