పునాది తవ్వకముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో అన్నీ ఒకటి, రెండంతస్తుల ఇళ్లే. వాటి మధ్య ఉన్న ఓ పాత ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నాళ్లకు దాని చుట్టూ రేకులు పాతారు, జేసీబీ వచ్చింది, రెండు రోజుల్లో ఇల్లు నేలమట్టమైంది. ఆ రేకుల మీద అంటించిన రంగుల బొమ్మ చూశాకే అక్కడ ఏడంతస్తుల కాండో వస్తోందని వీధిలో అందరికీ తెలిసింది. అప్పటికే ప్లాన్‌కి అనుమతి వచ్చేసింది. అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు కూడా దాటిపోయిందన్నారు.

కాండో అంటే ఫ్లాట్ ఎవరిది వాళ్లకే సొంతం. మెట్లు, లిఫ్టు, పైకప్పు, సెల్లార్, కింది నేల అందరికీ ఉమ్మడి. అలాంటి బిల్డింగ్ మా వీధికి వద్దని నేను రాయడం లేదు. ఇళ్లు కావాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు, ఎక్కడో ఒకచోట కట్టాల్సిందే. పక్కనున్న వాళ్లకు ఎప్పుడు చెబుతున్నారు, ఏం చెబుతున్నారు అన్నదే నా బాధ.

మా ఇంటికీ ఆ స్థలానికీ మధ్య ఒక్క ప్రహరీ గోడే అడ్డం. సెల్లార్ కోసం తవ్వడం మొదలైన రెండో వారంలో మా వెనకగదిలో కిటికీ మూల నుంచి వెంట్రుకంత పగులు కనబడింది. వీధి చివర ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన వచ్చి చూసి, పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశారు. "ప్రతి ఆదివారం చూడమ్మా, గీత దాటితే మళ్లీ గీత పెట్టి తేదీ వెయ్యి" అన్నారు. ఇప్పుడు ఆ గోడ మీద ఐదు గీతలున్నాయి. బిల్డర్ మనిషిని పిలిచి చూపిస్తే, ఈ పగులు పాతదే అన్నాడు. తవ్వకముందు మా గోడ ఎలా ఉందో నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ప్రతి గోడా ఫోటో తీసి పెట్టుకునేదాన్ని.

ఇంగ్లండ్, వేల్స్‌లలో దీనికి 1996లోనే చట్టం చేశారు. పక్కవాళ్ల కట్టడానికి 3 మీటర్లలోపు, వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వాలంటే కనీసం నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పక్కవాళ్లు ఒప్పుకోకపోతే కట్టడాలను పరిశీలించే సర్వేయర్లు మధ్యలోకి వస్తారు. పని మొదలయ్యే ముందే పక్కింటి గోడల పరిస్థితి రాసి, ఫోటోలు తీసి ఉంచడం అక్కడ మామూలు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది ఉంటే తర్వాత 'పాత పగులు, కొత్త పగులు' అనే గొడవే ఉండదు.

ఇక ఎండ సంగతి. ఐదో స్లాబు పడ్డాక మా పెరట్లో మధ్యాహ్నం రెండు దాటితే నీడే. ఉతికిన బట్టలు ఒక్కోసారి మర్నాటికి గానీ ఆరడం లేదు. ఇంకా రెండు అంతస్తులు రావాలి. ఇది చిన్న విషయమని కొందరు అంటారు, నాకు మాత్రం చిన్నదనిపించదు. న్యూయార్క్‌లో 1915లో దాదాపు 40 అంతస్తుల ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయ్యాక చుట్టుపక్కల వీధుల మీద నీడ పడి పెద్ద అలజడి రేగింది. ఆ నగరం 1916లో తెచ్చిన జోనింగ్ నిబంధనల (ఎక్కడ ఏం కట్టొచ్చో, ఎలా కట్టాలో చెప్పే నియమాల) వెనుక ఉన్న కారణాల్లో అదొకటి. పైకి వెళ్లేకొద్దీ బిల్డింగ్ వెనక్కి జరగాలన్న నియమం అప్పుడే వచ్చింది. జపాన్‌లో 1976లో చట్టం మార్చి నీడకు కూడా లెక్క పెట్టారు. పగలు అతి తక్కువగా ఉండే చలికాలపు రోజున, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా, కొత్త బిల్డింగ్ నీడ పక్క స్థలం మీద ఎన్ని గంటలు పడొచ్చో అక్కడ పరిమితి ఉంది. నీడను లెక్క కట్టొచ్చన్నమాట. లెక్క కట్టగలిగినప్పుడు నీడ ఎటు పడుతుందో చూపే బొమ్మను ముందే చుట్టుపక్కల వాళ్లకు చూపించడానికి అడ్డేమిటి?

ఇంతవరకూ బిల్డర్ గురించి, అనుమతులిచ్చే వాళ్ల గురించి చెప్పాను. మా గురించి కూడా చెప్పకపోతే ఈ ఉత్తరంలో నిజాయితీ ఉండదు.

బొమ్మ చూసిన మర్నాడు వీధిలో ఒకరి మేడ మీద మీటింగ్ పెట్టుకున్నాం. పాతికమందికి పైగా వచ్చారు. మొదట్లో డ్రైనేజీ, రోడ్డు వెడల్పు, పార్కింగ్ మాట్లాడారు. అరగంట గడిచేసరికి మాట దారి తప్పింది. ఎవరెవరో వస్తారు, ఫ్లాట్లు కొనుక్కుని అద్దెలకిస్తారు, అద్దెకొచ్చేవాళ్లకు వీధి మీద ప్రేమ ఎందుకుంటుంది, ఇన్నాళ్లుగా ఉన్న మన మంచి వాతావరణం పోతుంది అన్నారు. చాలామంది అవునవునన్నారు. నేనూ తల ఊపాను.

మా పైభాగంలో అద్దెకున్న అమ్మాయి నర్సు. రాత్రి డ్యూటీలు చేస్తుంది. ఆ మర్నాడు మెట్ల దగ్గర కనబడి, "అక్కా, మీటింగ్ పెట్టుకున్నారట కదా, మాకెవరూ చెప్పలేదే" అంది. ఏం చెప్పాలో తోచలేదు. నాలుగేళ్లుగా ఈ వీధిలోనే ఉంటోంది. తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే పక్కన డ్రిల్లింగ్ మోత మొదలవుతుంది. ఆ బిల్డింగ్ వల్ల మా అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడుతున్నది తనే. మీటింగ్‌కి మాత్రం సొంతిళ్ల వాళ్లనే పిలిచాం. పైగా తనలాంటి వాళ్లు రావడమే సమస్య అని అక్కడ కూర్చుని మాట్లాడాం. ఆ మాటకు తల ఊపినందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఇది మా వీధికే పరిమితం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇళ్ల ప్రాజెక్టుల మీద జరిగిన బహిరంగ సమావేశాల రికార్డులను బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలించారు. అక్కడ మాట్లాడేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు, మగవాళ్లు, చాలాకాలంగా ఉంటున్నవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు ఊరి జనాభాలో ఉన్న వాటా కంటే ఎక్కువగా ఉన్నారు. మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది వ్యతిరేకించినవాళ్లే. రేపు ఆ ఫ్లాట్లలోకి వచ్చేవాళ్లు ఎలాగూ ఆ సమావేశాల్లో ఉండరు. మా మేడ మీదా ఉన్నది అలాంటివాళ్లమే.

పైగా ఆ మాటల వల్ల మా అసలు ఫిర్యాదులు కూడా తేలికైపోయాయి. గోడ పగులు గురించి రాసిచ్చిన అర్జీలోనే 'అపరిచితుల రాక' అని కూడా రాశాం. అది చదివిన అధికారి, మీకు బిల్డింగ్‌తో ఇబ్బందా, మనుషులతో ఇబ్బందా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పగులుకీ నీడకీ మురుగునీటికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత బిల్డర్‌కీ అధికారులకీ ఉంది. పక్కింటికి ఎవరు రావాలో నిర్ణయించే హక్కు మాకు లేదు.

మార్పు వచ్చినంత మాత్రాన వీధులు పాడైపోవు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో చాలా నివాస ప్రాంతాల్లో ఇదివరకటి కంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చింది. ఆ తర్వాత అక్కడ ఇళ్ల నిర్మాణం బాగా పెరిగింది. అమెరికాలోని మినియాపాలిస్ 2018లో, ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలన్న నియమాన్ని తీసేసి మూడు వాటాల దాకా కట్టుకోనివ్వాలని తీర్మానించింది. ఒక్క వీధిలో ఒక్కసారిగా ఏడంతస్తులు లేపే బదులు, ఊరంతా కొంచెం కొంచెం పెరగనిస్తే ఎవరి మీదా ఎక్కువ భారం పడదని నాకనిపిస్తుంది.

ఇంకో టెన్షన్ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాక బిల్డర్ వెళ్లిపోతాడు. సెల్లార్‌లో వాన నీళ్లు నిలిస్తే పంపు పెట్టి వీధిలోకి తోడతారు. అప్పుడు మేం ఎవరిని అడగాలి? ఫ్లాట్ల యజమానుల సంఘాన్నే. వాళ్లు గృహప్రవేశం చేయకముందే మేం శత్రువుల్లా కనబడితే రేపు ఆ తలుపు తట్టేది ఏ ముఖంతో?

ప్లాన్ అనుమతికి ముందే, ఆ స్థలం ముందు పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలని అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఎన్ని అంతస్తులో, ఎంత లోతు తవ్వుతారో, నీడ ఎటు పడుతుందో, అభ్యంతరాలు ఏ తేదీలోగా చెప్పాలో అందులో ఉండాలి. చుట్టుపక్కల ప్రతి ఇంటికీ, అద్దెకున్నవాళ్లకు కూడా, నోటీసు చేతికివ్వాలి. తవ్వకముందు పక్క ఇళ్ల గోడలు ఫోటోలు తీసి, రెండువైపులా సంతకాలు పెట్టించి, ఒక కాపీ ఇంటివాళ్ల దగ్గర ఉంచాలి.

వచ్చే ఆదివారం మా వీధిలో మళ్లీ మీటింగ్ ఉంది. ఈసారి సాయంత్రం ఐదింటికి పెట్టమన్నాను, పైనున్న అమ్మాయి డ్యూటీకి వెళ్లేది ఏడింటికి.

ఇట్లు,
మీ పాఠకురాలు