ఆ కట్టు సంగతి రాయి

అనంతపురం

చి.ల.సౌ. శైలజకు నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. వేరుశనగ కాయలు ఒక సంచి ఎండబెట్టి ఉంచాం, ఓబులేసు బెంగళూరు వచ్చేటప్పుడు పంపుతాం. నువ్వు పంపిన ఫోటోలో చిన్నవాడు కేకు పక్కన ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఎందుకలా అని మీ అమ్మ అడిగితే, పిల్లలు అలాగే నిలబడతారులే అన్నాను.

కొత్త కారుకు నాలుగు తలుపులకూ బటన్ అద్దాలేనని విన్నాను. మంచిదే. మన ఏప్రిల్ ఎండలో నిలిపిన కారు ఎక్కగానే నాలుగు అద్దాలూ ఒకేసారి దించి వేడిగాలిని పోనివ్వవచ్చు. ఫాస్టాగ్ రాకముందు మరూరు టోల్‌గేటు దగ్గర పాత కారు అద్దం హ్యాండిల్ తిప్పి తిప్పి అల్లుడి భుజం పట్టేసేది, అదీ గుర్తుంది. కానీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిని, తలుపు లోపల ఏముందో నాకు తెలుసు. ఒక చిన్న మోటారు, అద్దాన్ని మోసే రెగ్యులేటరు, అంతే. రబ్బరు గాడిలో దుమ్ము చేరితే అద్దం బిగుసుకుంటుంది, మోటారు మూలుగుతుంది. తడిబట్టతో గాడి తుడిపించు. సిలికాన్ స్ప్రే కొట్టించు. నూనె మాత్రం పూయనివ్వకు, ఉన్న దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఆదివారం నాగమణి వచ్చింది. చిన్నవాడి వేళ్లు కారు అద్దంలో పడ్డాయట, గోరు నల్లబడిందట. నిజమేనా? పన్నెండు రోజులుగా నువ్వు రోజూ ఫోను చేస్తూనే ఉన్నావు, ఈ మాట మాత్రం అనలేదు.

నీకు నాలుగేళ్లప్పుడు కదిరి తిరునాళ్లకు అంబాసిడర్ మాట్లాడుకుని పోయాం. పెద్దమ్మ, జేజి, వీరన్న మామ, పిల్లలు, అందరం ఎనిమిది మందిమి. బత్తలపల్లి దాటగానే కిటికీ దగ్గరే ఉంటానని నువ్వు మారాం చేశావు. జేజి నిన్ను ఒడిలో నిలబెట్టుకుంది. ముదిగుబ్బ దగ్గర ముందు పోయే లారీ దుమ్ము లేపింది. జేజికి ఉబ్బసం కదా, అద్దం ఎక్కించమని కేక వేసింది. మీ అమ్మ పక్కనుంచి చేయి చాపి హ్యాండిల్ తిప్పసాగింది. నువ్వేమో అద్దం అంచు పట్టుకుని బయట మేకల మందను చూస్తున్నావు. ఇంకొక్క చుట్టు ఉందనగా హ్యాండిల్ బరువెక్కింది. నువ్వు ఏడవకముందే మీ అమ్మ చేతికి తెలిసిపోయింది. అక్కడే ఆపి వెనక్కి తిప్పింది. నీ వేళ్ల మీద ఎర్రటి గీత పడింది, అంతే. వీరన్న మామ కారు ఆపించి కూజాలోని చల్లటి నీళ్లు పోశాడు. రథం మీద మిరియాలు చల్లేటప్పుడు కూడా జేజి నీ చేయి వదలలేదు, నీ గుప్పిట తన గుప్పిట్లో పెట్టుకునే చల్లించింది. ఆ హ్యాండిల్ బరువు తన చేతికి ఇప్పటికీ గుర్తుందంటుంది మీ అమ్మ.

మోటారుకు ఆ చేయి లేదు తల్లీ. అడ్డం తగిలితే దానంతట అదే వెనక్కి దిగే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. అదీ చాలావాటిలో డ్రైవరు వైపు అద్దానికే. మీ కారులో వెనక తలుపులకు ఉందో లేదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చదువు. న్యూస్‌పేపరు గట్టిగా చుట్టి అద్దం దారిలో పెట్టి చూడు, చేయి పెట్టి చూడవద్దు. నీ తలుపు మీద అద్దం బొమ్మ ఉన్న ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వెనక స్విచ్‌లు పనిచేయవు. బండి కదలకముందే అది నొక్కాలి. నువ్వు అద్దం ఎక్కించే ముందు వెనక్కి తిరిగి చూడాలి. "అద్దం ఎక్కిస్తున్నాను, చేతులు ఒడిలో" అని పైకే అనాలి. పాలప్యాకెట్టు కోసం దిగినా తాళంచెవి నీతోనే ఉండాలి. పిల్లవాడు సీటు మీద నిలబడితే మోకాలు స్విచ్‌కు తగులుతుంది, వాడిని కూర్చోబెట్టి బెల్టు పెట్టాలి. చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

ఇంకొక్కటి. 2023 మేలో మీ బెంగళూరులోనే కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్ నీళ్లలో కారు చిక్కుకుని మన ఆంధ్ర అమ్మాయి చనిపోయింది. నీళ్లు తగిలితే ఈ అద్దాల స్విచ్‌లు ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. వాన పడితే అండర్‌పాస్ వైపే పోవద్దు, అర్ధగంట ఆలస్యమైతే కొంపలు మునగవు. ఒకవేళ చిక్కుకుంటే అన్నిటికన్నా ముందు అద్దాలు దించు.

అల్లుడిని ఏమీ అనవద్దు. బటన్ ఎవరు నొక్కారని నేను అడగను. డాక్టరుకు చూపించారా, ఎక్స్‌రే తీశారా, అది రాయి. నల్లగోరు ఊడేటప్పుడు లాగనివ్వకు, కింద కొత్తది వస్తుంది. ఓలిగలు చేసి పంపమంటావా, వాడు కుడిచేత్తో తింటాడు కదా?

కట్టు విప్పాక ఎడమ చేయి ముందుకు పెట్టించి ఇంకొక ఫోటో తీసి పంపు. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు.

మీ నాయన