అమ్మమ్మ లెక్క

బరంపురం

ఒరేయ్ బావా,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమనుకోకు. పెదమావయ్యకి ఒంట్లో బాగోక పది రోజులు ఆయన దగ్గరే ఉన్నాను. రాత్రిళ్ళు నిద్ర పట్టదు ఆయనకి, రంగం కబుర్లే. మన ఇళ్ళల్లో రంగూన్ అని ఎవరన్నారు, రంగమే కదా!

తాత గోపాల్‌పూర్ రేవులో మాసుల పడవెక్కి, అలలు దాటి, దూరంగా ఆగిన స్టీమరు అందుకుని వెళ్ళాడట. అక్కడ బియ్యం మిల్లులో పని. ఏ ఊరి తెలుగువాడైనా సరే, అక్కడివాళ్ళకి కోరంగీయే. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. స్టీమరు టిక్కెట్టు దొరకలేదు. ప్రోమ్ దాకా ఎలాగో చేరి, అక్కణ్ణించి తాంగప్ కనుమ మీదుగా నడక. దారిలో నీళ్ళు లేవు, ఉన్నచోట కలరా. తీరం చేరాక పడవలో అక్యాబు, ఆపైన చిట్టగాంగు, కలకత్తా, మద్రాసు మెయిలు. బరంపురంలో దిగి నెల తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు. "మన వెనకాలే వచ్చేశార్రా" అంటూ అమ్మమ్మ పిల్లల్ని మంచం కిందకి తోసేసిందట.

నీకు గుర్తుందా, వేసవి సెలవుల్లో మేడమీద పడుకుంటే ఆవిడ చీకట్లో మన తలలు తడుముతూ లెక్కపెట్టేది? మనం ఐదుగురం. ఆవిడ ఆరు దగ్గర ఆగేది. "రెండు, మూడు, నాలుగు" అంటూ మొదలెట్టేది మరి. లెక్క రాదనుకుని దుప్పట్లో నవ్వుకునేవాళ్ళం. బియ్యం కొలిచేటప్పుడు మాత్రం "లాభం, రెండు, మూడు" అని ఒక్క తవ్వ కూడా తప్పేది కాదు.

మొన్న రాత్రి చెప్పాడు మావయ్య. ఆయన రెండోవాడట. పైన ఒక అక్క, ఏడేళ్ళ పిల్ల. కనుమలో కలరా సోకి ఒక్క పూటలో పోయింది. గొయ్యి తియ్యడానికి గునపం లేదు. తాత ఆకులు కప్పి, వెనక్కి చూడొద్దని అందర్నీ నడిపించాడు. ఆ సాయంత్రం నుంచే అమ్మమ్మ రెండుతో మొదలెట్టింది.

ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తలేదు. ఇక్కడికొచ్చాక పుట్టిన అమ్మకీ తెలీదు. నేను నవ్వానన్నది మింగుడుపడటం లేదురా.

ఆ పిల్ల పేరేమిటి మావయ్యా అనడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "నాకప్పుడు ఐదేళ్ళు. అప్పా అనే పిలిచేవాణ్ణి" అన్నాడు. అంతే గుర్తుంది.

రంగంలో మీ పెదనాన్నగారి వాళ్ళది వీళ్ళ పక్క ఇల్లేనట, ఆయనకి అప్పుడు ఎనిమిదేళ్ళట. ఆయన్ని అడుగు. పేరు గుర్తుందంటే ఉత్తరం రాసేదాకా ఆగకు, వెంటనే ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా పర్లేదు, మావయ్య మెలకువగానే ఉంటాడు.