మన చుట్టూ ఉన్న విద్యార్థుల కోసం: సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామమున సంఘస్తులందరికీ వందనములు.

తార్నాకలో ఉన్న మనకు ఉస్మానియా యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) కూతవేటు దూరం. ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు మన వీధుల్లోని హాస్టళ్లలో గదికి నలుగురేసి ఉండి చదువుకుంటున్నారు. ఆదివారం రాత్రి కొన్ని హాస్టళ్లలో వంట ఉండదు. అందుకే ఆ పూట మన స్త్రీల సమాజం చర్చి హాల్లో భోజనం పెడుతోంది. అన్నం, పప్పుచారు, కోడిగుడ్డు కూర, పెరుగు. మైకు ఉండదు, ప్రసంగం ఉండదు. మన పెద్దవాళ్లు పిల్లల పక్కనే కూర్చుని తింటూ ఊరేది, పరీక్షలెప్పుడు అని అడుగుతారు, అంతే.

ఒక ఆదివారం ఇంజినీరింగ్ చదివే అమ్మాయి అన్నం కలుపుతూ చెయ్యి ఆపేసింది. "ఆంటీ, రెండు బ్యాక్‌లాగులున్నాయి. ఇంట్లో చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది. నా కోసం ప్రార్థన చేస్తారా?" అంది. వడ్డిస్తున్న అక్క గరిటె పక్కన పెట్టి, అక్కడే కూర్చుని ప్రార్థన చేసింది. కొన్ని వారాల తర్వాత ఆ అమ్మాయే యేసు గురించి చదవాలని ఉందంటే యోహాను సువార్త ఇచ్చాం.

ఏ మతం వాళ్లయినా ఈ భోజనానికి రావచ్చు. మళ్లీ రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అడిగినవాళ్లకు మన విశ్వాసం సంతోషంగా చెబుతాం, అడగనివాళ్ల మీద రుద్దం. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరాన శిష్యులకు ముందు రొట్టె, చేపలు పెట్టాడు. వాళ్లు తిన్నాకే పేతురును "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. మనకూ ఆ వరుసే మంచిదని కమిటీ నమ్మకం.

సెమిస్టర్ పరీక్షల రోజుల్లో ఇదే హాలును రాత్రి 11 గంటల వరకు చదువుకోవడానికి తెరిచి ఉంచాలని ఉంది. అందుకు బల్లలు, ట్యూబ్‌లైట్లు, ఒక ఇన్వర్టర్ కావాలి. ఆదివారం భోజనానికి బియ్యం, గుడ్లు, గ్యాస్ ఖర్చు ఎలాగూ ఉంది. అడిగిన పిల్లలకు ఇవ్వడానికి తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కొత్త నిబంధన (బైబిల్ రెండో భాగం) పుస్తకాలు కూడా కొనాలి.

దయచేసి దశమభాగంలోంచి (సంఘానికి ఇచ్చే ఆదాయంలో పదో వంతులోంచి) తీయకుండా విడిగా ఇవ్వండి. 100 రూపాయలైనా సరే, బియ్యం బస్తా అయినా సరే. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఒక ఆదివారం వడ్డనకు రండి. లెక్కలు, సైన్సు చెప్పగల రిటైర్డ్ టీచర్లు సాయంత్రం ఒక గంట ఇస్తే పిల్లలకు ఎంతో మేలు.

ఆరాధన అయ్యాక కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. జమాఖర్చులు ప్రతి నెలా నోటీసు బోర్డులో పెడతాం.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ, తార్నాక, హైదరాబాద్