నాన్నగారి బీపీ విషయంలో ఆదుకున్నవాళ్ళకు కృతజ్ఞతలు

పెరంబూర్, అయనావరం వైపు ఉన్న మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం. మా నాన్నగారు మళ్ళీ పొద్దున్నే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పార్కుకు వెళ్ళొస్తున్నారు. అందుకు కారణమైనవాళ్ళ గురించి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

నాన్నగారు ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు 74 ఏళ్ళు. తలనొప్పి లేదు, ఆయాసం లేదు. తమిళనాడు ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' (జనం దగ్గరికే వైద్యం) పథకం తరఫున ఇంటింటికీ తిరిగే అమ్మాయి ఒకరోజు చూస్తే బీపీ 172/70 వచ్చింది. డాక్టర్‌ని కలవమని చెప్పి ఊరుకోలేదు, తర్వాత మళ్ళీ వచ్చి వెళ్ళారా లేదా అని అడిగింది. చెన్నై ఎండలో వీధులన్నీ తిరిగే ఆ అమ్మాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

డాక్టర్‌గారు మాత్ర రాశారు, నంబరు దిగింది. కానీ కొన్నాళ్ళకు మంచం దిగగానే తూలడం మొదలైంది. బాత్రూమ్ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయేవారు. కూర్చోబెట్టి చూస్తే బీపీ బాగానే ఉండేది. అమ్మకు ఒకటే టెన్షన్.

అప్పుడు పై అంతస్తులో ఉండే రిటైర్డ్ నర్సమ్మగారు వచ్చి అడిగిన మొదటి మాట, "నిలబెట్టి చూశారా?" అని. కూర్చున్నప్పుడు 148 ఉన్న పై నంబరు, లేచి నిలబడ్డాక 118కి పడిపోయింది. లేచిన మూడు నిమిషాల్లోపు పై నంబరు 20 గానీ, కింది నంబరు 10 గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పి తీరాలట. పెద్దవాళ్ళు కిందపడి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఇదీ ఒక కారణమని ఆవిడ చెప్పాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కింది నంబరు 70 ఉంటే పై నంబరు అంతెందుకని ఆవిణ్ణి అడిగాను. వయసులో ఉన్నప్పుడు పెద్ద రక్తనాళాలు గుండె కొట్టినప్పుడల్లా సాగి, ఆ ఒత్తిడిని తమలోకి తీసుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి గట్టిపడతాయి. అందుకే పై నంబరు పెరుగుతూ పోతుంది, కింది నంబరు యాభై అరవై దాటాక మెల్లగా తగ్గుతుంది. "వయసుకు వంద కలిపితే అదే నార్మల్" అని మన ఇళ్ళల్లో అనే మాట నిజం కాదు. 1991లో వెలువడిన షెప్ అనే అమెరికా పరిశోధనలో, 60 దాటి పై నంబరు మాత్రమే ఎక్కువున్నవాళ్ళకు మందులిస్తే పక్షవాతాలు మూడింట ఒక వంతుకు పైగా తగ్గాయి. అంటే వదిలేయకూడదు, అలాగని చూసుకోకుండా దించేయనూ కూడదు.

చూసే పద్ధతి కూడా ఆవిడే నేర్పారు. కాఫీ తాగి అరగంటైనా కావాలి. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ ఒక పుస్తకంలో రాయాలి, పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్ళీ సాయంత్రం. ఇంట్లో సగటు 135/85కి తగ్గకుండా ఉంటే ఎక్కువే అనుకోవాలి. నాన్నగారి చెయ్యి లావని, కఫ్ (చేతికి చుట్టే పట్టీ) చిన్నదైతే నంబరు ఎక్కువ చూపిస్తుందని, మెడికల్ షాపు అన్న టేపుతో కొలిచి పెద్ద కఫ్ తెప్పించి ఇచ్చాడు. ఆ శ్రద్ధకు థాంక్స్ అన్నా.

ఆ పుస్తకం డాక్టర్‌గారి ముందు పెట్టాం. ఓపిగ్గా పేజీ పేజీ చూసి, "ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. ప్రోస్టేట్ కోసం వేరే డాక్టర్ రాసిన మాత్ర ఒకటుంది. అలాంటి మాత్రల్లో కొన్ని నిలబడ్డప్పుడు బీపీని పడేస్తాయట. బీపీ మందుతో కలిసి ఆ తూలు వచ్చిందని తేల్చి, ఆ డాక్టర్‌తో మాట్లాడి దాన్ని మార్పించారు. మాత్రలు మాకు మేమే ఆపి ఉంటే పై నంబరు మళ్ళీ మొదటికొచ్చేది. డాక్టర్‌గారూ, మీరు ఆ పుస్తకానికి ఇచ్చిన సమయానికి చేతులెత్తి దండం పెడుతున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఆదివారం పొద్దున మా ఇంటికి రండి. రెండు సైజుల కఫ్‌లూ ఉన్నాయి. కూర్చోబెట్టీ నిలబెట్టీ చూడటానికి నర్సమ్మగారు ఉంటానన్నారు. వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని తెచ్చుకోండి.